ఇంట్లో కట్టుకునే సర్క్యూట్‌కు కచ్చితమైన సమయం అందించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రెడ్‌బోర్డు మీద గడియారమో, బడి గంట మోగించే టైమరో, ఉష్ణోగ్రతలు నమోదు చేసే లాగరో కట్టుకునేవారికి ఏదో ఒక దశలో ఎదురయ్యే సందేహాలకు ఇవి సమాధానాలు. భారతదేశంలో, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల్లో, నిజంగా దొరికే విడిభాగాలను, ఇక్కడ నిజంగా అందే సంకేతాలను దృష్టిలో పెట్టుకుని రాశాను. విదేశాల్లో ఉన్నవారికి వర్తించే తేడాను రేడియో సంకేతాల ప్రశ్న దగ్గర చెప్పాను.

నా సర్క్యూట్‌కు ఎంత కచ్చితత్వం అవసరమో ఎలా తేల్చుకోవాలి?

ఏ మాడ్యూల్ కొనాలన్న ఆలోచనకు ముందే ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకోవడం మంచిది. బడి గంటకు రెండు మూడు సెకన్ల తేడా ఎవరికీ తెలియదు. గోడ గడియారం సెకను ముల్లు టీవీలోని సమయంతో కలిసి నడవాలంటే అర సెకను లోపు ఉండాలి. ఒకే శబ్దాన్ని రెండు చోట్ల రికార్డు చేసి, అది ఎటునుంచి వచ్చిందో లెక్క కట్టాలనుకుంటే మాత్రం మిల్లీ సెకను కూడా ఎక్కువే అవుతుంది, ఎందుకంటే ఆ కాస్త వ్యవధిలో శబ్దం సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది.

ఇక్కడే గుర్తించవలసిన విషయం మరొకటి ఉంది. సమయ సంకేతంలో రెండు వేర్వేరు సమాచారాలు ఉంటాయి: ఇది ఎన్నో సెకను అన్నది మొదటిది, ఆ సెకను సరిగ్గా ఏ క్షణాన మొదలైంది అన్నది రెండవది. మొదటిదాన్ని నెమ్మదిగా వచ్చే అక్షరాల రూపంలో అందుకోవచ్చు. రెండవది మాత్రం ఒక వైరు మీద వోల్టేజీ ఎగసిన క్షణం రూపంలోనే కచ్చితంగా అందుతుంది. కింద చెప్పిన ప్రతి పద్ధతినీ ఈ రెండింటిలో ఏది ఎంత బాగా ఇస్తోందన్న దృష్టితో చూస్తే ఎంపిక తేలికవుతుంది.

మైక్రోకంట్రోలర్‌కు క్రిస్టల్ ఉంది కదా, అది చాలదా?

కొద్ది నిమిషాల పనికి చాలుతుంది, రోజుల తరబడి నడిచే గడియారానికి చాలదు. మామూలు క్రిస్టల్ మీద 20 పీపీఎం అని రాసి ఉంటే, పది లక్షల సెకన్లకు 20 సెకన్ల వరకు తేడా రావచ్చని అర్థం. అంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్లకు పైగా. ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డులో ప్రధాన చిప్‌కు ఉన్నది క్రిస్టల్ కూడా కాదు, సిరామిక్ రెజొనేటర్. దాని తేడా 0.5 శాతం వరకు అనుమతించదగినదే కనుక, అత్యంత చెడ్డ సందర్భంలో అది రోజుకు 7 నిమిషాలు అవుతుంది.

గడియారాల్లో వాడే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌కు వేరే బలహీనత ఉంది. అది సుమారు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండి, అంతకన్నా వేడెక్కినా చల్లబడినా వెనకబడుతుంది. ఎంత వెనకబడుతుందన్నది ఉష్ణోగ్రతా భేదపు వర్గాన్ని 0.034తో గుణిస్తే పీపీఎంలలో తెలుస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో పెట్టె లోపల 45 డిగ్రీలు ఉంటే, 20 డిగ్రీల భేదానికి 13.6 పీపీఎం, అంటే రోజుకు 1.2 సెకన్లు వెనక్కి. డిసెంబరులో సరిదిద్దుకున్న గడియారం ఎండాకాలంలో తప్పడానికి కారణం తరచుగా ఇదే. ప్రోగ్రాములో తప్పు కోసం వెతికి ప్రయోజనం లేదు.

డీఎస్1307 కొనాలా, డీఎస్3231 కొనాలా?

రెండూ బ్యాటరీ మీద కూడా సమయాన్ని లెక్కపెడుతూ ఉండే గడియారపు చిప్‌లు. వాటిలో డీఎస్3231 కొనండి. డీఎస్1307 బయటి క్రిస్టల్ మీద ఆధారపడుతుంది కనుక పైన చెప్పిన వేడి సమస్య మొత్తం దానికి వర్తిస్తుంది. డీఎస్3231లో క్రిస్టల్ చిప్ లోపలే ఉండి, చిప్ తన ఉష్ణోగ్రతను తానే 64 సెకన్లకు ఒకసారి కొలుచుకుని సవరించుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య ±2 పీపీఎం, అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం లోపు తేడా అని తయారీదారు హామీ. చిప్ మీద పేరు చివర ‘ఎం’ అని ఉంటే అది క్రిస్టల్ బదులు మెమ్స్ (సిలికాన్‌తో చేసిన అతి చిన్న) రెజొనేటర్ వాడే రకం, దాని హామీ ±5 పీపీఎం. రెండూ ఒకే మాడ్యూల్ బొమ్మ పెట్టి అమ్ముతుంటారు కాబట్టి చిప్ మీది అక్షరాలను భూతద్దంతో చదివి చూడండి.

రెండు చిప్‌లదీ ఒకే ఐ2సీ (చిప్‌లు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) చిరునామా, రిజిస్టర్ల (విలువలు ఉంచే చిన్న గదుల) అమరికలో మొదటి ఏడూ ఒకటే. అందుచేత పాత సర్క్యూట్‌లో ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా గంటలు, నిమిషాలు చదివే ప్రోగ్రాము దాదాపు అలాగే పనిచేస్తుంది.

డీఎస్3231 మాడ్యూల్‌లో బ్యాటరీ గురించి హెచ్చరిస్తున్నారు. నిజమేనా?

నిజమే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జెడ్‌ఎస్-042 అని ముద్రించి ఉండే నీలిరంగు మాడ్యూల్‌లో బ్యాటరీని చార్జ్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది కేవలం ఒక డయోడ్, ఒక 200 ఓమ్‌ల రెసిస్టర్. అది చార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 కోసం పెట్టినది, మనం కిరాణా కొట్టులో తెచ్చి వేసేది మాత్రం చార్జ్ చేయకూడని సీఆర్2032. మాడ్యూల్‌కు 5 వోల్టులు ఇస్తే ఆ మూడు వోల్టుల బ్యాటరీలోకి విద్యుత్తు ఎదురు పారుతుంది, బ్యాటరీ ఉబ్బి కారిపోవచ్చు. చార్జ్ అయ్యే రకం వేసినా, ఎక్కడ ఆగాలో తెలిసిన సర్క్యూట్ కాదు కనుక దాన్నీ అవసరానికి మించి చార్జ్ చేస్తుంది.

పరిష్కారం సులువు. ఆ డయోడ్ పక్కనే ఉన్న, 201 అని రాసిన చిన్న రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో తీసేసి సీఆర్2032 వాడండి. బోర్డు మొత్తాన్ని 3.3 వోల్టుల మీదే నడిపేవారికి ఈ ప్రమాదం ఉండదు, ఎందుకంటే డయోడ్ దాటాక మిగిలే వోల్టేజీ బ్యాటరీ కన్నా తక్కువే.

విదేశాల్లో గడియారాలు రేడియో తరంగాలతో తమంతట తామే సరిచేసుకుంటాయట. ఆ రిసీవర్ మాడ్యూల్ ఇక్కడ పనిచేస్తుందా?

పనిచేయదు, డబ్బు వృథా చేసుకోవద్దు. జర్మనీలో మైన్‌ఫ్లింగెన్ నుంచి 77.5 కిలోహెర్ట్జ్ మీద డీసీఎఫ్77, ఇంగ్లండులో ఆంథోర్న్ నుంచి 60 కిలోహెర్ట్జ్ మీద ఎంఎస్ఎఫ్, అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్ నుంచి అదే 60 మీద డబ్ల్యూడబ్ల్యూవీబీ, జపాన్‌లో 40, 60 కిలోహెర్ట్జ్‌ల మీద జేజేవై ప్రసారమవుతాయి. డీసీఎఫ్77 నమ్మకంగా అందేది సుమారు 2,000 కిలోమీటర్ల వరకు. హైదరాబాదు దానికి మూడు రెట్లకు మించిన దూరంలో ఉంది. అన్నిటికన్నా దగ్గరదైన చైనా కేంద్రం కూడా మనకు సుమారు 4,000 కిలోమీటర్ల అవతల ఉంది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఒకప్పుడు ఏటీఏ పేరుతో షార్ట్‌వేవ్‌లో సమయ సంకేతాలు ప్రసారం చేసేది. పాత పుస్తకాల్లో ఆ ప్రస్తావన కనిపిస్తుంది, ప్రసారం ఇప్పుడు లేదు.

జర్మనీలోనో అమెరికాలోనో స్థిరపడి ఈ పని మీద ఆసక్తి ఉన్న తెలుగువారు మాత్రం దీన్ని తప్పక ప్రయత్నించాలి. డీసీఎఫ్77లో ప్రతి సెకను మొదట్లోనూ తరంగం బలం తగ్గుతుంది. ఆ తగ్గుదల 100 మిల్లీ సెకన్లు ఉంటే సున్న, 200 ఉంటే ఒకటి. నిమిషంలో 59వ గుర్తు రాకుండా ఖాళీగా ఉంటే తర్వాతి గుర్తుతో కొత్త నిమిషం మొదలవుతుంది. ఇంత సరళమైన సంకేతాన్ని స్వయంగా విప్పి చదవడం ఎంతో నేర్పుతుంది. ఫెర్రైట్ కడ్డీ యాంటెన్నా పక్కభాగం ప్రసార కేంద్రం వైపు ఉండాలి, మొబైల్ చార్జర్లకూ ఎల్ఈడీ బల్బులకూ దూరంగా పెట్టాలి.

అయితే ఇక్కడ మనకు అత్యంత కచ్చితమైన మార్గం ఏది?

జీపీఎస్ రిసీవర్. ప్రతి జీపీఎస్ ఉపగ్రహంలోనూ పరమాణు గడియారం ఉంటుంది, దారి చూపడమన్నది ఆ గడియారాల నుంచి పుట్టిన లెక్క. కొన్ని వందల రూపాయలకు దొరికే నియో-6ఎం మాడ్యూల్ మనకు రెండు తీగల మీద రెండు సంగతులు చెబుతుంది. టీఎక్స్ పిన్ మీద సెకనుకు ఒకసారి, 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంతో, తేదీ, సమయం, స్థానం ఉన్న అక్షర వాక్యాలు వస్తాయి. పీపీఎస్ అనే మరో పిన్ మీద ప్రతి సెకను ఆరంభంలోనూ ఒక పల్స్ వస్తుంది. ఆ పల్స్ కచ్చితత్వం సుమారు 30 నానో సెకన్లని తయారీదారు చెబుతున్నాడు. ఇంట్లో కూర్చుని అందుకోగలిగిన సంకేతాల్లో ఇంతకన్నా గొప్పది మరొకటి లేదని నా దృఢమైన అభిప్రాయం.

మాడ్యూల్‌కు 5 వోల్టుల సరఫరా ఇవ్వవచ్చు, దాని మీద రెగ్యులేటర్ ఉంటుంది. డేటా పిన్‌లు మాత్రం 3.3 వోల్టులవి. అందుచేత ఆర్డుయినో నుంచి మాడ్యూల్ ఆర్‌ఎక్స్ పిన్‌కు వెళ్లే తీగ మీద రెండు రెసిస్టర్ల డివైడర్ పెట్టండి. కేవలం సమయం చదువుకోవడానికి అయితే ఆ తీగ అసలు కలపనవసరం లేదు.

నా జీపీఎస్ బోర్డు మీద పీపీఎస్ అనే పిన్ లేదు. ఏం చేయాలి?

చౌకగా దొరికే బోర్డుల్లో చాలావాటికి నాలుగు పిన్‌లే బయటికి తెచ్చి ఉంటాయి: సరఫరా, గ్రౌండ్, టీఎక్స్, ఆర్‌ఎక్స్. అయినా పల్స్ బోర్డు మీదే ఉంది. ఉపగ్రహాలు దొరికాక సెకనుకోసారి మిణుకుమనే ఎల్ఈడీని వెలిగించేది అదే. ఆ ఎల్ఈడీకి వరసలో ఉన్న రెసిస్టర్‌కు రెండు కొసలుంటాయి. మల్టీమీటరును కంటిన్యూటీలో పెట్టి, నియో-6ఎం చిప్ మూడవ కాలుకు ఏ కొస కలిసి ఉందో కనుక్కోండి. ఆ కొస దగ్గర వెంట్రుకంత సన్నని ఎనామెల్ తీగను సోల్డర్ చేసి, తీగ లాగినప్పుడు బోర్డు మీది రాగి పొర ఊడి రాకుండా దాని మీద ఒక చుక్క హాట్ గ్లూ వేయండి. చేయి వణికేవారు కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో అయిదు పిన్‌ల బోర్డు అడిగి తీసుకోవడమే మేలు.

పల్స్ వచ్చింది, వాక్యం వచ్చింది. ఏ వాక్యం ఏ పల్స్‌కు చెందినది?

పల్స్ ముందు వస్తుంది, దాని పేరు చెప్పే వాక్యం ఆ తర్వాత వస్తుంది. అంటే 10:15:30 అని చదివిన వాక్యం, అంతకు కొంచెం ముందు వచ్చిన పల్స్‌ను గురించి చెబుతోంది. వాక్యం అందిన క్షణాన్నే సెకను ఆరంభం అనుకుంటే గడియారం వెనకబడుతుంది. 9600 బాడ్ దగ్గర సెకనుకు 960 అక్షరాలే ప్రయాణిస్తాయి కాబట్టి 70 అక్షరాల వాక్యం పూర్తిగా చేరడానికే 73 మిల్లీ సెకన్లు పడుతుంది. దానికి ముందు వచ్చే ఇతర వాక్యాలూ, మాడ్యూల్ లెక్కలు కట్టే సమయమూ దీనికి అదనం, పైగా ఆ మొత్తం ప్రతి సెకనుకూ మారుతుంది.

సరైన పద్ధతి ఇది: వాక్యం చదివి, దానికి ఒక సెకను కలిపి, 10:15:31 అన్న విలువను సిద్ధంగా ఉంచుకోవాలి. తర్వాతి పల్స్ రైజింగ్ ఎడ్జ్ (ఎగసే అంచు) రాగానే, ఇంటరప్ట్‌లో (చేస్తున్న పని ఆపి వెంటనే నడిచే కోడ్‌లో) ఆ విలువను అమలులోకి తేవాలి. వాక్యంలో స్థితిని తెలిపే అక్షరం ‘ఏ’ అయితేనే నమ్మాలి, ‘వీ’ అయితే మాడ్యూల్‌కు ఇంకా ఉపగ్రహాలు అందలేదని అర్థం. మైక్రో సెకన్ల స్థాయి కొలతలు కావాలనుకునేవారు మామూలు ఇంటరప్ట్ బదులు టైమర్ ఇన్‌పుట్ క్యాప్చర్ వాడాలి. ఊనో బోర్డులో అది 8వ పిన్. పల్స్ వచ్చిన క్షణాన టైమర్ విలువను హార్డ్‌వేరే పట్టి ఉంచుతుంది కనుక, ప్రోగ్రాము అప్పుడు వేరే పనిలో ఉన్నా కొలత చెడదు. 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో లెక్క 62.5 నానో సెకన్లు.

మాడ్యూల్ ఆన్ చేసిన కొత్తలో సమయం కొన్ని సెకన్లు తేడా చూపించి, తర్వాత హఠాత్తుగా సరైపోతోంది. ఎందుకు?

జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు లీప్ సెకన్లను, అంటే భూభ్రమణంతో కలిసి ఉండేందుకు ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి అప్పుడప్పుడు కలిపే సెకన్లను, లెక్కలోకి తీసుకోవు. 2017 జనవరి 1 నుంచి అవి యూటీసీ కన్నా 18 సెకన్లు ముందున్నాయి. ఎన్ని సెకన్లు తీసివేయాలన్న సమాచారాన్ని ఉపగ్రహమే పంపుతుంది, కానీ ఆ సందేశ చక్రం మొత్తం పూర్తవడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అది అందేవరకు మాడ్యూల్ తన ఫర్మ్‌వేర్ తయారైన నాటి సంఖ్యను వాడుతుంది. కాబట్టి చాలాకాలం ఆపి ఉంచిన మాడ్యూల్‌ను మళ్లీ మొదలుపెట్టినప్పుడు కనీసం 15 నిమిషాలు ఆగిన తర్వాతే ఆ సమయాన్ని డీఎస్3231లోకి రాయాలి.

తేదీయే దాదాపు 20 ఏళ్లు వెనక్కి పోతే అది వేరే సంగతి. జీపీఎస్ వారాల లెక్క 1,024 దాటగానే మళ్లీ సున్న నుంచి మొదలవుతుంది. ఇటీవల 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది. పాత మాడ్యూల్‌లో గంటలు, నిమిషాలు సరిగ్గా ఉండి తేదీ మాత్రం తప్పితే 7,168 రోజులు కలపండి.

భారత ప్రామాణిక సమయంలోకి మార్చేటప్పుడు తేదీ తప్పుతోంది. ఎలా సరిదిద్దాలి?

గంటలకు 5, నిమిషాలకు 30 విడివిడిగా కలపడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. సాయంత్రం ఆరున్నర యూటీసీ దాటగానే మనకు తర్వాతి రోజు వస్తుంది. నెలాఖరు, ఫిబ్రవరి 29, డిసెంబరు 31 అన్నీ చూసుకోవాల్సి వస్తుంది. ముందు తేదీ, సమయాలను కలిపి మొత్తం సెకన్ల సంఖ్యగా మార్చి, దానికి 19,800 కలిపి, తిరిగి తేదీగా విడగొట్టండి. నా సలహా ఏమిటంటే, సర్క్యూట్ లోపల అన్నిచోట్లా యూటీసీనే ఉంచి, డిస్‌ప్లే మీద చూపే చివరి అడుగులో మాత్రమే ఈ కూడిక చేయండి.

ఇంటి లోపల జీపీఎస్ అందడం లేదు.

ఆర్‌సీసీ శ్లాబు కింద అందకపోవడం సహజం. అయస్కాంతం ఉన్న యాక్టివ్ యాంటెన్నాను కిటికీ బయటి గ్రిల్ మీదో డాబా పిట్టగోడ మీదో పెట్టి కేబుల్ లోపలికి తెచ్చుకోండి. కేబుల్ వల్ల వచ్చే ఆలస్యం మీటరుకు సుమారు 5 నానో సెకన్లే, గడియారానికి దాన్ని పట్టించుకోనవసరం లేదు.

వైఫై ఉన్న ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుతో ఇంటర్నెట్ నుంచి సమయం తీసుకుంటే సరిపోదా?

గోడ గడియారాలకు, బడి గంటలకు, లాగర్లకు చక్కగా సరిపోతుంది, పైగా అదనపు విడిభాగం ఒక్కటీ అక్కర్లేదు. ఎన్‌టీపీ అనే పద్ధతిలో మన బోర్డు 48 బైట్ల చిన్న సందేశం పంపి, నాలుగు క్షణాలను పోల్చుకుంటుంది: మనం పంపినది, సర్వరుకు చేరినది, సర్వరు తిరిగి పంపినది, మనకు చేరినది. వెళ్లడానికీ రావడానికీ సమాన సమయం పట్టిందని భావించి తేడాను లెక్కిస్తుంది. దీని పరిమితి కూడా ఆ భావనలోనే ఉంది. వెళ్లేటప్పుడు 10, వచ్చేటప్పుడు 50 మిల్లీ సెకన్లు పడితే మన గడియారం 20 మిల్లీ సెకన్లు తప్పుతుంది, ఎన్నిసార్లు అడిగినా ఆ తప్పు బయటపడదు. ఈఎస్‌పీ32లో వైఫై విద్యుత్ పొదుపు పద్ధతి ఈ ఆలస్యాన్ని ఇంకా పెంచుతుంది కనుక, సమయం అడిగేటప్పుడు దాన్ని ఆపి ఉంచండి.

సర్వర్ల విషయానికి వస్తే, జాతీయ భౌతిక ప్రయోగశాల, జాతీయ సమాచార కేంద్రం రెండూ ఎన్‌టీపీ సర్వర్లు నడుపుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో కంప్యూటర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల్లో సంస్థలు తమ కంప్యూటర్లను వీటితో అనుసంధానించుకోవాలని చెప్పింది కూడా ఈ రెండింటి గురించే. ఎన్‌టీపీ పూల్ అనే ఉమ్మడి సర్వర్ల సమూహంలో భారతదేశపు భాగం కూడా అందుబాటులో ఉంది. అది స్వచ్ఛందంగా నడిచే సేవ, కాబట్టి గంటకోసారి కన్నా తరచుగా అడగడం మర్యాద కాదు, అవసరమూ ఉండదు. గూగుల్ సర్వర్లు లీప్ సెకనును రోజంతా పలచగా పరిచి సర్దుతాయి కనుక వాటిని ఇతర సర్వర్లతో కలిపి వాడకండి.

కరెంటులోని 50 హెర్ట్జ్‌ను లెక్కపెట్టి గడియారం నడపవచ్చా?

మన దేశంలో వద్దు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 మధ్య ఉండవచ్చని నియమావళి అనుమతిస్తోంది. సగటున 49.95 దగ్గర నడిచిన రోజున గడియారం 86 సెకన్లు వెనకబడుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారితే ఆ లెక్క కూడా ఉండదు. అన్నిటికీ మించి, 230 వోల్టుల లైనును నేరుగా సర్క్యూట్‌లోకి తేవడం ప్రాణాంతకం.

వైఫై లేని, ఆకాశం కనిపించని చోట మొబైల్ నెట్‌వర్క్‌ను అందుకునే సిమ్ మాడ్యూల్ పనికొస్తుందా?

సెకన్ల స్థాయికి పనికొస్తుంది, నెట్‌వర్క్ సమయం పంపితేనే. సిమ్800ఎల్ వంటి మాడ్యూల్ సమయంతో పాటు, అది యూటీసీకి ఎంత తేడాలో ఉందో పావు గంటల్లో చెబుతుంది, కాబట్టి మనకు +22 అని కనిపిస్తే కంగారు పడవద్దు, అది అయిదున్నర గంటలే. ఇది 2జీ మాడ్యూల్ కనుక జియో సిమ్‌తో పనిచేయదు. ప్రసార క్షణాల్లో 2 ఆంపియర్ల వరకు లాగుతుంది, సరఫరా దానికి తగినట్టు ఉండాలి.

భారత ప్రామాణిక సమయాన్ని ఎవరు నిర్వహిస్తారు? నావిక్ నుంచి తీసుకోవచ్చా?

న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం గడియారాల సమూహంతో నిర్వహిస్తుంది. ఈ సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాదులో సూర్యుని లెక్క దీనికి సుమారు 16 నిమిషాలు వెనక, కాబట్టి నీడ చూసి గడియారాన్ని పరీక్షించేవారు ఆ తేడా కలుపుకోవాలి.

ఇస్రో వారి ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థ నావిక్ మొదట్లో ఎల్5, ఎస్ అనే ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లలోనే ప్రసారమయ్యేది, ఎల్1 అనే బ్యాండ్‌ను మాత్రమే అందుకునే నియో-6ఎం వంటి మాడ్యూళ్లు దాన్ని వినలేవు. 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 ప్రసారం చేరింది, స్వదేశీ రుబీడియం గడియారం కూడా దానితోనే పైకి వెళ్లింది. నావిక్‌ను అందుకుంటుందని స్పష్టంగా రాసి ఉన్న మాడ్యూల్ దొరికితే తప్పక వాడండి, పీపీఎస్ పద్ధతి దానికీ ఇదే.

జీపీఎస్‌తో డీఎస్3231ను సరిచేసి, జీపీఎస్ తీసేసి వాడవచ్చా? అది ఎంత కచ్చితంగా నడుస్తోందో ఎలా తెలుస్తుంది?

వాడవచ్చు, బ్యాటరీ మీద నడిచే పరికరాలకు నేను సూచించేది ఈ పద్ధతినే. డీఎస్3231లో సెకన్ల రిజిస్టర్‌కు రాసిన క్షణాన క్రిస్టల్ స్పందనలను సెకన్లుగా లెక్కపెట్టే లోపలి విభాజకం మొదటికి వస్తుంది. అందుచేత పల్స్ ఎగసిన వెంటనే, ఆ పల్స్‌తో మొదలైన సెకను విలువను రాస్తే, చిప్‌లోని సెకను జీపీఎస్ సెకనుతో మిల్లీ సెకను లోపు కలిసిపోతుంది. మిగిలిన రిజిస్టర్లను ఆ సెకను ముగిసేలోపు రాయాలి. ఆసిలేటర్ ఆగిందని తెలిపే బిట్‌ను కూడా అప్పుడే సున్న చేయండి, తర్వాత ఎప్పుడైనా అది ఒకటిగా కనిపిస్తే ఆ గడియారం చెప్పే సమయాన్ని నమ్మకూడదు.

పరీక్షించడానికి డీఎస్3231 ఎస్‌క్యూడబ్ల్యూ పిన్ మీద ఒక హెర్ట్జ్ పల్స్ తెప్పించుకోండి. అది ఓపెన్ డ్రెయిన్ (వోల్టేజీని కిందికి లాగగలదే గానీ తానుగా పైకి ఎత్తలేదు) కనుక 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ ఉండాలి. అందులో కొత్త సెకను మొదలయ్యేది పల్స్ పడిపోయే చోట, ఎగసే చోట కాదు. ఆ అంచుకూ జీపీఎస్ పల్స్ ఎగసే అంచుకూ మధ్య వ్యవధిని ఈరోజు ఒకసారి, సరిగ్గా వారం తర్వాత మరోసారి కొలవండి. వారానికి 6,04,800 సెకన్లు కాబట్టి ప్రతి 60 మిల్లీ సెకన్ల జారుడూ 0.1 పీపీఎంకు సమానం. చిప్ వేగాన్ని సవరించే ఏజింగ్ రిజిస్టర్‌లో ఒక్కో మెట్టు కూడా దాదాపు అంతే. గడియారం ముందుకు పోతుంటే ధన విలువ, వెనకబడుతుంటే రుణ విలువ రాయాలి. రాసిన విలువ తర్వాతి ఉష్ణోగ్రత కొలత జరిగినప్పుడే అమలులోకి వస్తుంది, కాబట్టి మార్పు కనిపించలేదని మరో విలువ రాసే ముందు ఒక నిమిషం పైన ఆగండి.